నేటాలు వెళ్లిన మా ముత్తాత తమ్ముడి జాడ ఓడ జాబితాల్లో దొరుకుతుందా?

ప్రశ్న: చీపురుపల్లి మనవరాలు

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. మా ముత్తాతకు ఒక తమ్ముడు ఉండేవాడట. పెళ్లయిన రెండో ఏడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయి ఓడెక్కాడు. "రంగం పోయాడు" అనేవాళ్లు మా పెద్దవాళ్లు. మా వైపు ఏ ఇంట్లో మనిషి ఓడెక్కినా రంగూనుకే కాబట్టి ఎవరూ ఇంకో మాట అడగలేదు.

ఈమధ్య మా పెదనాన్నగారి పాత ఇల్లు పడగొట్టేటప్పుడు ట్రంకు పెట్టెలో ఒక పంపకాల కాగితం దొరికింది. శోభకృత్ నామ సంవత్సరం మాఘమాసంలో రాసింది. రిజిస్టరు కాలేదు, ఇంగ్లీషు తేదీ ఎక్కడా లేదు. అందులో ఇలా ఉంది: "తమ్ముడు నేటాలు సీమకు కూలికి పోయి, రెండు సంవత్సరములుగా జాబు లేనందున, అతని భాగపు భూమి అతని భార్య జీవనం నిమిత్తం పెద్దవాని స్వాధీనమందు ఉంచడమైనది."

ఆ భార్యను మా నాన్న చూశారు. ఇంట్లో అందరూ చిన్నమామ్మ అనేవాళ్లు. మా నాన్నకు పదేళ్లప్పుడు పోయింది. భర్త ఉన్నాడో లేడో కబురు లేదు కాబట్టి ఆవిడ చివరిదాకా బొట్టు తీయలేదు, పుస్తెలు తీయలేదు. అయినా పేరంటాలకు ఎవరూ పిలిచేవాళ్లు కాదట. పిల్లలు లేరు.

నేటాలు అంటే దక్షిణాఫ్రికాలోని నెటాలేనా? అక్కడికి వెళ్లిన కూలీల పేర్లు ఎక్కడైనా రాసి ఉంచారా? ఉంటే ఇంటిపేరుతో వెతకాలా, ఊరి పేరుతో వెతకాలా? ఆయన పేరు, మా ఇంటిపేరు ఇక్కడ పెట్టడం లేదు, ఇంట్లో వద్దన్నారు. ఎలా వెతకాలో ఎవరైనా చెబితే చాలు, ఓపిగ్గా నేనే చూసుకుంటాను.


జవాబు: భీమిలి రేవు

ఆ కాగితం మీ అదృష్టం అండీ. నిజంగా రంగూనే అయి ఉంటే పేరు దొరకడం దాదాపు అసాధ్యం. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లకు విదేశీ వలస చట్టం కింద మనిషి మనిషికీ కాగితం రాసే పని ఉండేది కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరు ఎక్కడం, రంగూన్‌లో దిగడం, అంతే. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని తీసుకెళ్లేవాడు, లెక్క అతని పుస్తకంలో ఉండేది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగినప్పుడు కూడా చనిపోయినవాళ్ల ఊళ్లు, పేర్లు సరిగ్గా తేలని కుటుంబాలు మా వైపు ఉన్నాయి. మా ఇంట్లోనూ ఒకరు ఉన్నారు.

నెటాల్ సంగతి అలా కాదు. దాని గురించి బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, చెబుతారు.


జవాబు: పాత రికార్డు

అమ్మా, నేటాలు అంటే నెటాలే. ఇప్పుడు దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నెటాల్ రాష్ట్రం, డర్బన్ రేవు. మన పాత ఉత్తరాల్లో, దస్తావేజుల్లో నేటాలు, నెట్టాలు అని రెండు రకాలుగానూ చూశాను. నేను తాలూకా ఆఫీసు రికార్డు రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మమ్మ అన్నగారు కూడా ఆ ఓడలే ఎక్కారు. ఆయన కోసం మొదలుపెట్టిన వెతుకులాట ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల కోసం కూడా చేస్తున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు సంవత్సరం తేల్చుకుందాం. ప్రభవాది పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కదా. శోభకృత్ 1843లో వచ్చింది, మళ్లీ 1903లో వచ్చింది. 1843కి నెటాల్‌కు మన కూలీలు వెళ్లడమే మొదలు కాలేదు. కాబట్టి మీ కాగితం 1903-04 నాటి శోభకృత్. మాఘమాసం అంటే 1904 జనవరి చివర, ఫిబ్రవరి. రెండేళ్లుగా జాబు లేదన్నారు. అంటే 1902 మొదట్లో గాని, అంతకు కొంచెం ముందు గాని ఆఖరి ఉత్తరం వచ్చి ఉండాలి. ఆయన ఓడ అంతకు ముందుది. చిన్నమామ్మగారు మీ నాన్నగారి చిన్నతనం దాకా బతికి ఉన్నారంటే పెళ్లి 1890ల చివర అయి ఉండాలి. కాబట్టి 1897 నుంచి 1902 దాకా మద్రాసు నుంచి వచ్చిన ఓడలు చూస్తే చాలు. మొత్తం జాబితాలతో పోలిస్తే ఇది చాలా చిన్న ముక్క.

ఇలా ముందు ఏడాది తేల్చుకోమని అందరికీ చెబుతాను, ఎందుకంటే ఏ దేశానికి ఏ ఏళ్లలో ఓడలు వెళ్లాయో తెలిస్తే సగం దేశాలు వాటంతట అవే తప్పుకుంటాయి. నెటాల్‌కు మొదటి ఓడ ట్రూరో. 1860 అక్టోబరు 12న మద్రాసులో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. 1866లో వలస ఆగిపోయింది. 1871లో మద్రాసుకు తిరిగొచ్చిన కూలీలు అక్కడి కొరడా దెబ్బల గురించి, ఎగ్గొట్టిన జీతాల గురించి ఫిర్యాదు చేశారు. దాని మీద 1872లో నెటాల్‌లో విచారణ కమిషన్ వేశారు, కూలీల బాగోగులు చూడడానికి ప్రొటెక్టర్ అనే అధికారిని పెట్టారు, ఆ తర్వాతే 1874లో మళ్లీ ఓడలు కదిలాయి. అందుకని ఎవరైనా "మా తాత 1870లో నెటాల్ వెళ్లాడు" అంటే ముందు ఆ ఏడాదినే అనుమానించాలి. 1911 జూలైలో భారత ప్రభుత్వం పూర్తిగా ఆపేసింది. ఈ యాభై ఏళ్లలో వెళ్లినవాళ్లు 1,52,184 మంది. మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఓడెక్కినవాళ్లే. మన ఉత్తరాంధ్ర జిల్లాలు, చిత్తూరు వైపు ఊళ్లు ఆ జాబితాల నిండా ఉంటాయి.

ఇక జాబితా సంగతి. ఓడ దిగిన ప్రతి మనిషికీ, చంకలో పిల్లతో సహా, ఒక నంబరు ఇచ్చేవారు. దాన్ని కలోనియల్ నంబరు అంటారు. ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, జిల్లా, తాలూకా, ఊరు, ఎవరి దగ్గర పనికి పంపారో ఆ యజమాని పేరు ఉంటాయి. మచ్చలు ఎందుకు రాశారంటే పారిపోతే పట్టుకోవడానికి. ఆ ఉద్దేశం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ ఆ మచ్చే ఇవాళ మనకు సాయపడుతోంది. ఇంట్లో "తాతకు నుదుట గంటు ఉండేదట" అన్న మాట ఒకటి మిగిలి ఉంటే, జాబితాలో ఉన్న ఒకే పేరు గల నలుగురిలో మన మనిషి ఎవరో అది చెబుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లను ఈ ఒక్క సంగతి తప్పక అడగండి.

ఈ జాబితాలు డర్బన్‌లోని క్వాజులు-నెటాల్ విశ్వవిద్యాలయంలో గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇంట్లో కూర్చునే చూడొచ్చు.

ఇంటిపేరుతో వెతకొద్దు. ఈ జాబితాల్లో ఇంటిపేర్లు ఉండవు. మనిషి పేరు, తండ్రి పేరు, అంతే. ఇప్పుడు డర్బన్‌లో కనిపించే నాయుడు, రెడ్డి లాంటి ఇంటిపేర్లు తర్వాతి తరాల్లో స్థిరపడినవి. చాలా కుటుంబాలకు ఓడెక్కిన తాత పేరే ఇంటిపేరైంది. కులంతో కూడా వెతకొద్దు. ఆ గడిలో ఒకచోట కులం, ఒకచోట వృత్తి, ఒకచోట మతం కనబడతాయి. ఇంగ్లీషువాళ్లు తెలుగువాళ్లను జెంటూలు అనేవాళ్లు కాబట్టి మొదటి రోజుల కాగితాల్లో అదీ కనబడుతుంది. కొందరు డిపోలో, అంటే ఓడెక్కే ముందు కూలీలను ఉంచే చోట, కులం మార్చి చెప్పుకున్నారు కూడా. దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి.

ఊరు, తండ్రి పేరు, ఈ రెండింటినే పట్టుకోండి. పేర్లు గుమాస్తా తన చెవికి తోచినట్లు రాసుకున్నాడు. మన వైపు అప్పలస్వామి అక్కడ అప్పలసామి, అప్పల్సామి అవుతాడు. పైడయ్య, పైడిగాడు, పైడితల్లి, సన్యాసి, ఎర్రిగాడు, పోలమ్మ, ఇవన్నీ నానా రూపాల్లో ఉంటాయి. గట్టిగా పైకి చదివి చూడండి. కంటికి తెలియనిది చెవికి తెలుస్తుంది.

ఊళ్ల విషయంలో ఆనాటి జిల్లాల సరిహద్దులు గుర్తు పెట్టుకోవాలి. మీ చీపురుపల్లి అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో తాలూకా, జాబితాలో జిల్లా గడిలో వైజాగపటం అని ఉంటుంది. మీకు కూతవేటు దూరంలోని శ్రీకాకుళం మాత్రం అప్పుడు గంజాం జిల్లా, పేరు చికాకోల్. మీ పల్లె రెండింటికీ మధ్య ఉంటే రెండు జిల్లాలూ చూడాలి. యలమంచిలి వైపు వాళ్లకు సర్వసిద్ధి తాలూకా అని కనబడుతుంది, చోడవరం వాళ్లకు వీరవల్లి తాలూకా అని. గుంటూరు వాళ్లయితే 1904కి ముందు కృష్ణా జిల్లాలో వెతకాలి. అన్నిటికన్నా ఎక్కువగా పొరపాటు జరిగేది చిత్తూరు వాళ్ల విషయంలో. 1911 దాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు, పుంగనూరు అన్నీ ఉత్తర ఆర్కాడు జిల్లాలోవే. జాబితాలో నార్త్ ఆర్కాట్ అని చూసి "వీళ్లు తమిళులు" అనుకుని పక్కన పెట్టేస్తారు. డర్బన్‌లో తెలుగు ఇళ్లు ఎన్నో ఆ రెండు మాటల వెనక ఉండిపోయాయి.

ఓడ పేరు ఒక్కటే రాసుకుంటే సరిపోదు. ఉమ్లాజి, ఉమ్జింటో, ఉమ్తాతా లాంటి ఓడలు మళ్లీ మళ్లీ తిరిగాయి. ఓడ పేరు, డర్బన్ చేరిన తేదీ, కలోనియల్ నంబరు మూడూ కలిపి రాసుకోండి.

దొరికితే ఇక్కడ రాయండమ్మా. దొరకకపోయినా రాయండి, ఇంకో దారి చూద్దాం.


జవాబు: తూర్పుగోదావరి నుంచి

మంచి వివరాలు. మారిషస్, ఫిజీ కోసం వెతికేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు కలుపుతున్నాను.

మారిషస్‌కు మొదటి ఒప్పంద కూలీలు 1834లోనే వెళ్లారు. మన కోరంగి రేవు పేరు అక్కడి తెలుగువాళ్లకు ఇప్పటికీ గుర్తే. కూలీలు దిగిన రేవు పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో వారసత్వ స్థలం అయింది. రిజిస్టర్లు మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరికి ఫొటోలు కూడా ఉన్నాయి. 1859కి ముందు వెళ్లినవాళ్లయితే గోదావరి, కృష్ణా జిల్లాలని వెతకొద్దు. అప్పటికి అవి రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు.

ఫిజీకి ఓడలు 1879లో మొదలైనా అవి కలకత్తావి. మద్రాసు నుంచి ఫిజీ వెళ్లింది 1903 నుంచి 1916 దాకా మాత్రమే. మనిషికి ఒక పాస్ చొప్పున రాశారు, దగ్గరి బంధువు పేరుకు కూడా ఒక గడి ఉంటుంది. మీ చిన్నమామ్మగారి లాంటి వాళ్ల పేరు నాకు తెలిసి అధికారికంగా కనబడే చోటు అదొక్కటే.


జవాబు: చీపురుపల్లి మనవరాలు

బాబాయిగారూ, దొరికిందనుకుంటున్నాను.

మీరు చెప్పినట్టే మద్రాసు ఓడలు మాత్రం తీసుకుని, ఊరి పేర్ల గడి ఒక్కటే చూసుకుంటూ వచ్చాను. 1900లో వచ్చిన ఒక ఓడలో మా ఊరి పేరు ఉంది. మొదటి అక్షరం మారిపోయింది, కానీ మీరన్నట్టు పైకి చదివితే మా ఊరే. తాలూకా చిపురుపిల్లి అని ఉంది. ఆయన పేరు సరిపోయింది, తండ్రి పేరు సరిపోయింది. వయసు 22. ఎడమ మోకాలి కింద మచ్చ. పనికి పంపింది ఒక చెరకు తోటకు. మా నాన్న కన్నా పెద్దవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు, మచ్చ గురించి ఎవరికీ తెలియదు. కానీ మా మేనత్త ఒక మాట అంది. చిన్నతనంలో నాగలి కర్రు తగిలి కాలు కోసుకున్నాడని చిన్నమామ్మ చెప్పేదట. ఏ కాలో అత్తకు గుర్తు లేదు.

ఆయన తర్వాతి నంబరు ఒక ఆడమనిషిది. వయసు 19. ఊరు బొబ్బిలి తాలూకాలోది, మా వాళ్లెవరూ ఆ ఊళ్లో లేరు. యజమాని ఒకరే. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నమామ్మ ఇక్కడ అన్నేళ్లు బొట్టు పెట్టుకుని కూర్చుంటే, ఆయన మద్రాసులోనే ఇంకొకరితో ఓడెక్కాడా అని. మా నాన్నకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.


జవాబు: అధ్యాపకురాలు

అమ్మాయీ, నేను చరిత్ర చెప్పే దాన్ని కాబట్టి ఆ పందొమ్మిదేళ్ల పిల్ల వైపు నుంచి కాస్త మాట్లాడతాను.

ఓడలో ప్రతి 100 మంది మగవాళ్లకు కనీసం 40 మంది ఆడవాళ్లు ఉండాలని ఫిజీ లాంటి కాలనీలకు నిబంధన పెట్టారు. ఆ లెక్క కుదరకపోతే ఓడ కదలదు. అందుకని ఏజెంట్లు రైల్వే స్టేషన్లలో, సంతల్లో, సత్రాల్లో ఒంటరి ఆడవాళ్ల కోసం కాచుకుని ఉండేవాళ్లు. వితంతువులు, మొగుడు వదిలేసినవాళ్లు, అత్తింట్లో ఉండలేక బయటికి వచ్చినవాళ్లు, కరువులో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాళ్లు దొరికేవాళ్లు. డిపోలో మగవాడి పక్కన నిలబెట్టి జంటగా రాయించడం మామూలే. కొందరు ఇష్టపడి జతకట్టారు, ఓడలోనూ తోటలోనూ తోడు లేకుండా ఆడమనిషి బతకడం కష్టం కనక. కొందరిని ఎవరూ అడిగి ఉండరు. నెటాల్ తోటల్లో ఆడవాళ్లకు మగవాళ్ల జీతంలో సగమే ఇచ్చేవాళ్లు. జబ్బు చేసి పని మానితే అదీ లేదు.

ఆనాటి దొరల నివేదికల్లో ఈ ఆడవాళ్ల గురించి చాలా నీచంగా రాశారు, వాళ్ల శీలం మంచిది కాదని తేల్చేశారు. దయచేసి ఎవరూ ఆ మాటల్ని నమ్మి మళ్లీ చెప్పకండి. 1913లో ఫిజీలో కుంతి అనే కూలీ ఆడమనిషి, ఓవర్సీరు బలవంతం చేయబోతే తప్పించుకోవడానికి నదిలోకి దూకింది. ఒక కుర్రవాడు పడవలో వచ్చి కాపాడాడు. ఆమె వాంగ్మూలం ఇండియా పత్రికలకెక్కి దేశమంతా కదిలింది. ఈ వలస విధానం 1917లో ఆగిందంటే గోఖలే, మాలవ్య లాంటి వాళ్లు చట్టసభలో చేసిన పోరాటం ఎంత కారణమో, ఆమె నోరు విప్పడం కూడా అంతే కారణం.

నీకు దొరికిన ఆ అమ్మాయి కూడా ఎవరింటి ఆడపిల్లో. బొబ్బిలి తాలూకాలో ఏదో ఇంట్లో "మా మేనత్త ఎటో పోయింది" అన్న మాట ఇంకా మిగిలే ఉండొచ్చు. ఆమె నంబరు కూడా రాసి పెట్టుకో. పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ. మీ చిన్నమామ్మకు జరిగిన అన్యాయానికి ఈమెను బాధ్యురాలిని చెయ్యకు.


జవాబు: పాత రికార్డు

టీచరుగారు చెప్పిన దాంట్లో ప్రతి మాటా నిజం. నేను రికార్డు వరకే మాట్లాడతాను.

అమ్మా, పక్క పక్క నంబర్లు పడినంత మాత్రాన భార్యాభర్తలు అని కాదు. ఒకే కుటుంబానికి వరస నంబర్లు ఇస్తారు, అది నిజమే. కానీ వరసలో పక్కన నిలబడినవాళ్లకు కూడా వరస నంబరే పడుతుంది. ఒకే యజమానికి ఒక గుంపును పంచి ఇచ్చేవారు కాబట్టి యజమాని ఒకరే కావడం కూడా సాక్ష్యం కాదు. ఆ పేజీలో ఇంకా ఎంతమంది అదే తోటకు వెళ్లారో లెక్క చూడండి. చాలామంది ఉంటే మీ భయానికి ఆధారం తక్కువ.

దీన్ని తేల్చేది వేరే కాగితం. కూలీల పెళ్లిళ్లు నెటాల్‌లో ప్రొటెక్టర్ ఆఫీసులో నమోదయ్యేవి. ఆ ఆఫీసు ఫైళ్లు నెటాల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పెళ్లిళ్లే కాదు, కూలీలు ఇచ్చిన ఫిర్యాదులు, వాంగ్మూలాలు, ఒక యజమాని నుంచి ఇంకొకరికి మారిన కాగితాలు, చనిపోయినవాళ్ల వివరాలు అన్నీ ఆ కలోనియల్ నంబరుతోనే ఉంటాయి. మా అమ్మమ్మ అన్నగారి విషయంలో జాబితా నాకు ఇచ్చింది ఒక్క వరస. ఆయన మాట దొరికింది మాత్రం ఒక ఫిర్యాదు ఫైల్లో. జ్వరంతో పనికి రాకపోతే జీతం కోశారని చెప్పుకున్నాడు. ఇంగ్లీషులో రాసి ఉంది, కింద వేలిముద్ర. మా ఇంట్లో ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు, కానీ ఆ మాటలు చదువుతుంటే మా అమ్మమ్మ మాట్లాడినట్టే అనిపించింది.

ఇంకో సంగతి. మీ ముత్తాత తమ్ముడు ఉత్తరాలు ఎందుకు ఆపేశాడో ఊహించే ముందు ఆనాటి జీతం లెక్క చూడండి. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెంపు. ఇరవై షిల్లింగులు ఒక పౌను కాబట్టి మొదటి ఏడాది మొత్తం సంపాదన ఆరు పౌన్లు. 1895లో నెటాల్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. ఆ చట్టం తర్వాత వచ్చిన కూలీ, అయిదేళ్లు నిండాక మళ్లీ ఒప్పందం రాయాలి, లేదా ఇండియా తిరిగి వెళ్లిపోవాలి, లేదా స్వేచ్ఛగా ఉండాలంటే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలి. మొదటి ఏడాది సంపాదనలో సగం! తర్వాత దాన్ని వయసొచ్చిన పిల్లల మీద కూడా వేశారు. 1913లో బొగ్గు గనుల్లో, చెరకు తోటల్లో వేలమంది పని మానేసి రోడ్డెక్కింది ఈ పన్ను మీదే, గాంధీ నడిపిన సమ్మె అదే. 1914లో రద్దయింది.

మీ ముత్తాత తమ్ముడు 1900లో వెళ్లాడు కాబట్టి 1905లో ఒప్పందం ముగిసే నాటికి ఈ పన్ను అతని నెత్తిన ఉంది. అందువల్ల మీరు చూడవలసినవి మూడు రకాల కాగితాలు. 1905 ప్రాంతంలో మళ్లీ ఒప్పందం రాశాడా, పన్ను కట్టనందుకు ఏ మేజిస్ట్రేటు ముందుకైనా వెళ్లాడా, ఓడెక్కి వెనక్కి వచ్చేశాడా. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. తిరిగి వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. మద్రాసులో దిగి, చేతిలో డబ్బు లేకో, కులంలో మళ్లీ కలుపుకోరన్న భయంతోనో ఊరికి రాకుండా అక్కడే కూలి చేసుకుని బతికినవాళ్లూ ఉన్నారు. మద్రాసు రేవు వలసల మీద ఏటా అచ్చువేసిన ప్రభుత్వ నివేదికల్లో ఎంతమంది తిరిగొచ్చారో, డబ్బు ఎంత తెచ్చుకున్నారో లెక్కలు ఉంటాయి. పాత ఫైళ్లకు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్, ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ చూడాలి. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో వలస శాఖ ఫైళ్లు చాలావరకు ఇంట్లోంచే వెతకొచ్చు.

మీ నాన్నగారికి చెప్పాలా అని అడిగారు. నా అభిప్రాయం చెప్పమంటే, చెప్పండి. జాబితాలో ఆయన ఉన్నాడని, 1900లో వెళ్లాడని, చెరకు తోటలో పనికి చేరాడని. ఇవి రుజువైన సంగతులు. ఆ రెండో నంబరు గురించి పెళ్లి రిజిస్టరు చూసేదాకా ఏమీ అనకండి. కాగితం చెప్పని మాటను కుటుంబ చరిత్రలోకి ఒక్కసారి ఎక్కిస్తే మళ్లీ దాన్ని దింపడం ఎవరి వల్లా కాదు.


జవాబు: చీపురుపల్లి మనవరాలు

టీచరుగారూ, బాబాయిగారూ, ఇద్దరికీ నమస్కారాలు. ఆ పేజీ మళ్లీ చూశాను. అదే తోటకు 31 మంది వెళ్లారు, అందులో ఆడవాళ్లు తొమ్మిది మంది. మనసు కాస్త కుదుటపడింది. ఆ బొబ్బిలి అమ్మాయి వివరాలు కూడా విడిగా రాసుకున్నాను, ఆ ఊళ్లో మా స్నేహితురాలి అత్తగారి వాళ్లున్నారు, కనుక్కోమని చెప్పాను.

నిన్న సాయంత్రం నాన్నకు చెప్పాను. చాలాసేపు ఆ కాగితం ప్రింటు పట్టుకుని చూశారు. "అయితే రంగం కాదన్నమాట" అన్నారు. తర్వాత, చిన్నమామ్మ పేరు కూడా ఎక్కడైనా రాయించమన్నారు. ఆర్కైవ్స్‌కు రాసే ఉత్తరంలో ఆమె పేరు ఎలా పెట్టాలి బాబాయిగారూ?


జవాబు: పాత రికార్డు

ఉత్తరంలో మొదటి వాక్యంలోనే పెట్టండమ్మా. "ఫలానా ఊరి ఫలానా ఆవిడ భర్త, కలోనియల్ నంబరు ఇంత, ఫలానా ఓడలో ఫలానా తేదీన డర్బన్ చేరారు" అని మొదలుపెట్టండి. వాళ్ల ఫైల్లో పెట్టే కాగితం కాబట్టి ఆమె పేరు కూడా అందులో చేరుతుంది. పంపకాల కాగితం స్కాన్ చేసి, ఆ వాక్యానికి ఇంగ్లీషు అనువాదం కింద రాసి జత చెయ్యండి. అడగవలసింది ఒకేసారి అడగండి: పెళ్లి రిజిస్టరు, 1905 తర్వాతి ఒప్పందం, మరణ నమోదు, తిరుగు ప్రయాణం. ముందుగా తిరుగు ప్రయాణం చూడమనండి. తిరిగొచ్చాడని తేలితే మిగతా వెతుకులాట అంతా మద్రాసుకు మారుతుంది, అక్కడ నేను తోడు వస్తాను.